అమ్మ కట్టిన అద్దాల గది

దయ్యాలంటే నాకు నవ్వు. బొల్లారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. శాంపిల్ ఫెయిలైతే ఎందుకు ఫెయిలైందో తేల్చేదాకా వదలని ఉద్యోగం నాది. ఇంట్లో ఎవరైనా దిష్టి, గాలి అంటే మొదట ఎదురు మాట్లాడేది నేనే. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లూ జంకాను.

పటేల్‌గూడలో మా ఇంటి వెనక ఒక అద్దాల గది ఉంది. మొక్కల కోసం కట్టింది. చెక్క ఫ్రేములు, గోడలకూ కప్పుకూ అద్దాలు. కట్టింది మేస్త్రీ కాదు, వడ్రంగీ కాదు. మా అమ్మ.

అమ్మది హత్నూర. నాన్న ఒక పెద్ద ఫ్యాక్టరీలో ఫిట్టర్. అక్కడికి విదేశాల నుంచి యంత్రాలు చెక్కపెట్టెల్లో వచ్చేవి. ఆ పెట్టెల పలకలను తర్వాత వేలం వేసేవారు. చాలామంది పొయ్యిలోకి కొనుక్కునేవాళ్లు. అమ్మ వాటిని నాన్న చేత తెప్పించి, రంపం తానే పట్టి, పాత కిటికీల అద్దాలు బిగించి ఈ గది నిలబెట్టింది. కొంగు నడుముకు దోపి నిచ్చెన మీద నిలబడ్డ అమ్మ నాకు బాగా గుర్తు.

"ఆడిమనిషికి సుత్తె పనేంది?" అన్నవాళ్లే తర్వాత అమ్మ అందులో పెంచిన ఆంథూరియం పూలమొక్కల పిలకల కోసం మా గేటు తట్టారు. ఎండాకాలం రాగానే అమ్మ కప్పు అద్దాలకు సున్నం పూసి నీడ చేసేది. బయట ఇళ్ల మీది రేకులు కాలిపోతుంటే లోపల ఎర్రటి పూలు నిగనిగలాడేవి. కాలనీ పూల పోటీలో మొదటి బహుమతి తీసుకున్న రోజు నాన్న వీధంతా మిఠాయి పంచాడు.

అమ్మ పోయాక గదికి తాళం పడింది. తాళంచెవి ఎటు పోయిందో తెలియదు. అడుగున చెదలు పట్టాయి. తలుపు కుంగింది.

నిరుడు ఎండాకాలంలో అన్న ఆ గది మాట ఎత్తాడు. "కూలగొడదాం చెల్లె. రెండు రూములేస్తే కిరాయికి జల్దీ పోతయి. ఫ్యాక్టరీలల్ల పనిజేసెటోళ్లకు రూములే దొరుకుతలేవు."

తప్పు మాటేమీ కాదు. నాకు మనసొప్పలేదు గానీ, కాదనడానికి కారణమూ దొరకలేదు. బాగుచేయించాలా, తీసేయాలా తేలక వడ్రంగి యూసుఫ్ భాయ్‌ని పిలిచాం.

ఒక ఆదివారం పొద్దున వచ్చాడు. బయటి నుంచే ఉలితో ఫ్రేములను గుచ్చి చూశాడు. "కింది పట్టీలు పోయినయమ్మా. పైది మంచిగనే ఉన్నది. చేస్తే అయితది, జెర పరేషాన్ పని. ఇగ మీ ఇష్టం."

"తీసేద్దాం భాయ్," అన్నాడు అన్న.

అప్పుడు లోపల చప్పుడైంది. ఠంగ్.

మట్టికుండీని వేలి కణుపుతో కొడితే వచ్చే చప్పుడది. అమ్మ రోజూ అలా కొట్టి చూసేది. మట్టి ఎండితే కుండీ ఠంగుమంటుంది, తడి ఉంటే మొద్దుగా పలుకుతుంది. దాన్ని బట్టే నీళ్లు పోసేది.

మళ్లీ ఠంగ్. కొంచెం ఆగి ఇంకోటి. తలుపు వైపు నుంచి, కుండీ తర్వాత కుండీగా, ఆ చప్పుడు లోపలి మూలకు నడిచింది. ముగ్గురం కదలలేదు. ఆఖరిది మొద్దుగా పలికింది. తర్వాత ఏమీ లేదు.

"లోపల ఎవరున్నరమ్మా?" యూసుఫ్ భాయ్ గొంతు తగ్గించి అడిగాడు.

అద్దం తుడిచి చూశాను. బల్ల మీద మొక్కల్లేని కుండీలు. మనిషి లేడు, పిల్లి కూడా లేదు. తాళం తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటే భాయ్ సుత్తితో గొళ్లెం ఊడగొట్టాడు. అన్న చెప్పులు బయట విడిచి లోపలికి అడుగుపెట్టాడు. విడవమని ఎవరూ చెప్పలేదు.

బల్ల మీద దుమ్ము చెదరలేదు. ఒక్కో కుండీలో వేలు పెట్టి చూశాను. అన్నీ బూడిదలా పొడి. మూలనున్న ఆఖరి కుండీలో నా వేలు మెత్తగా దిగింది. అప్పుడే నీళ్లు పోసినంత తడి. దాని కింద బల్ల మాత్రం పొడిగా ఉంది. పైన అద్దం పగలలేదు. వానలింకా రాలేదు. ఆ గదిలో నల్లా లేదు.

అన్న కూడా వేలు పెట్టి చూశాడు. భాయ్ వైపు తిరిగాడు. "కింది పట్టీలు మార్చు భాయ్. రూములు మేడ మీద ఏసుకుంటం."

నాకు తోచినవన్నీ తరచి చూశాను. ఎలుకలైతే దుమ్ములో జాడ ఉండాలి. ఎండకు కుండీలు చిట్లాయా అంటే చిట్లినది ఒక్కటీ లేదు. నేల చెమ్మ అందామా, బల్ల నడుమెత్తున ఉంది. ఆ కుండీలో ఏమైనా మొలుస్తుందేమోనని కూడా చూశాను. ఏమీ మొలవలేదు. కొన్నాళ్లకు మామూలుగానే ఎండిపోయింది.

ఇప్పుడు గది గట్టిగా నిలబడింది. పాత పలకలకు రంగు వేయొద్దని అన్న పట్టుబట్టాడు. వాటి మీది విదేశీ అక్షరాలు అలాగే కనిపించాలట. ఇంటికెవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళతాడు. మొన్న అతని స్నేహితుడొకడు కప్పు వాలు, అతుకులు తడిమి చూసి "ఏ మేస్త్రి చేసిండు?" అని అడిగాడు. "మా అమ్మ," అన్నాడు అన్న. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం చూడాలి. నా ముఖమూ అలాగే ఉండి ఉంటుంది.

ఆ చప్పుడు సంగతి అడిగితే "అమ్మ చూసుకుంటున్నది, గంతే" అంటాడు. నేను అంత తేలిగ్గా అనలేను. పట్టపగలు ముగ్గురం విన్నాం. ఆ మట్టి నా వేలికి అంటుకుంది, కడుక్కున్నాను. అంతవరకే చెప్పగలను. అదేమిటో ఈరోజుకీ నాకు తెలియదు.