మలుపులో ఒరగడం

ఆ ఆదివారం చర్చిలో వాక్యం చదివే వంతు మా ఆయనది. స్త్రీల వైపు చాప మీద కూర్చుని నేను కూడా అదే అధ్యాయం తెరిచి, ఆయన చదువుతున్న చోట వేలు పెట్టి చూస్తున్నాను. సగం దాకా బాగానే చదివాడు. తర్వాత నా వేలు ఒక చోట, ఆయన గొంతు మరో చోట. ఆయన నోటి వెంట వస్తున్న మాటలు ఆ పేజీలో లేవు. చిన్నప్పుడు కంఠతా పట్టిన వేరే అధ్యాయం అది. తడబడకుండా చెప్పి, గ్రంథం మూసి, వచ్చి కూర్చున్నాడు. ఎవరూ గమనించలేదు. నేను మాత్రం వేలు ఆ పేజీలోనే ఉంచి గ్రంథం మూశాను.

మాది నెల్లిమర్ల. ఆయన జూట్ మిల్లులో పనిచేసి మానేశాడు. నేను ఇంట్లో మిషను కుడతాను. ఆయన నా మేనత్త కొడుకు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నేను "బావా" అనే పిలుస్తాను. మా సంఘం ఊరికి దూరంగా, పొలాల అవతల ఉన్న చిన్న పల్లెలో ఉంది. మా తాతల కాలం నుంచి అందరం అక్కడే బాప్తిస్మం తీసుకున్నాం. ఆయన మోటారు సైకిలు మీద వెనక కూర్చుని వెళ్ళడమే నాకు తెలిసిన ప్రయాణం.

ఆ రోజు తిరిగి వస్తూ, కాలవ మలుపు దగ్గర ఆయన బండి ఆపేశాడు.

"దిగు. నడిపించుకొని ఎల్దాం."

"ఏటయింది బావా?"

"రోడ్డు కనపడ్డం నేదే," అన్నాడు. ఎండలో బండి తోసుకుంటూ ఇంటికి వచ్చాం.

విజయనగరంలో కళ్ళ డాక్టరమ్మ చాలాసేపు చూసింది. షుగరు వల్ల కంటి లోపలి పొర దెబ్బతిన్నదట. ఒక కన్ను ఇంచుమించు పోయింది, రెండోది మిగిలినంత కాపాడుకోవాలి, పోయింది మాత్రం తిరిగి రాదు అని చెప్పింది. ఇక బండి నడపొద్దంది. ఆయన తల ఊపాడు. ఇంటికొచ్చాక బండి మీద పాత దుప్పటి కప్పేశాడు.

ఆ ఎండాకాలంలోనే పక్క ఊళ్ళో ఉజ్జీవ సభలు జరిగాయి. ఎక్కడి నుంచో పెద్ద బోధకుడు వచ్చాడు. స్వస్థత కోసం ముందుకు రమ్మని పిలిచినప్పుడు మా ఆయన్ని తీసుకెళ్ళింది నేనే. బోధకుడు ఆయన కళ్ళ మీద చేతులు పెట్టి గట్టిగా ప్రార్థన చేసి, మైకు ఆయన నోటి దగ్గర పెట్టాడు.

"ఇప్పుడు కనిపిస్తోందా?"

"నేదండి," అన్నాడు ఆయన.

మళ్ళీ ప్రార్థన. మళ్ళీ మైకు. "చెప్పు! కనిపిస్తోందా?"

"నేదండి బాబూ."

బోధకుడు మైకు వెనక్కి లాక్కున్నాడు. "ఈ సహోదరునిలో అవిశ్వాసం ఉంది. అది అడ్డుపడుతోంది," అని పందిరంతా వినిపించేలా చెప్పి, తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని జనం మధ్యలోంచి బయటికి తీసుకొచ్చాను. అందరూ దారి ఇచ్చారు. ఆ దారి ఇవ్వడంలోని జాలి ఆయనకు కనిపించకపోయినా తెలిసిపోయింది.

ఆటోలో తిరిగి వచ్చాం. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అన్నాడు: "కనపడ్డాదని ఒక్క మాట అనేస్తే అందరూ సప్పట్లు కొట్టీవోరు. నాను అబద్ధమాడనేదు. దానికి నాకు విశ్వాసం నేదంట."

తర్వాతి ఆదివారం ఆయన చర్చికి రాలేదు. ఆ పైవారమూ రాలేదు. మా సంఘం పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చి, ఆ సభల్లో జరిగిందానికి తాను క్షమాపణ అడిగారు. మా ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అయ్యగారు వెళ్ళేటప్పుడు నాతో, "తొందరపెట్టకమ్మా. ఆయన కోపం దేవుడికి కొత్త కాదు," అన్నారు.

కోపం నాకూ ఉంది. అందరి మీదా ఉంది. కానీ ఆయనతో వాదించి గెలిచే వాక్యజ్ఞానం నాకు లేదు. ఒక్కటి మాత్రం నిశ్చయించుకున్నాను. ఈ మనిషిని ఆ గోడవైపు వదిలెయ్యను. ఆటోలో వెళ్దామంటే ఆయన ఒప్పుకోడు. ఆటో పెద్ద రోడ్డు మీద దించేస్తుంది. అక్కణ్ణుంచి కాలవ గట్టు మీద చెయ్యి పట్టి నడిపించాలి. ఊళ్ళోవాళ్ళు చూస్తారు. మరి చర్చి గుమ్మం దాకా తీసుకెళ్ళాలంటే నేనే బండి నేర్చుకోవాలి.

బొబ్బిలిలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేశాను. తను వాడకుండా పెట్టేసిన స్కూటీని అల్లుడు తెచ్చి ఇచ్చాడు. యాభై దాటిన నేను దాని హ్యాండిల్ పట్టుకోగానే మా ఆయన వరండాలోంచి అరిచాడు.

"ఒసే, నీకేటైనా పిచ్చా? పడి కాలిరగ్గొట్టుకుంటే నిన్నెవులు సూస్తారు? నాను సూడగలనా?"

"పడితే లేస్తాను," అన్నాను.

నాకు నేర్పింది మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ. సముద్రపొడ్డు పల్లె నుంచి మోపెడ్ మీద, వెనక చేపల బాక్సు కట్టుకుని వస్తుంది. నన్ను అక్కలా "అప్పా" అంటుంది. వాళ్ళ ఇంట్లో గంగమ్మకు మొక్కుతారు, మేం యేసయ్యకు మొక్కుతాం. ఇన్నేళ్ళలో ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ అడ్డురాలేదు. బేరం అయిపోయాక బాక్సు మా వరండాలో దించి, నన్ను రైల్వే స్టేషను అవతలి ఖాళీ స్థలానికి తీసుకెళ్ళేది.

మొదట్లో నేను కుట్టు మిషను తొక్కినట్టు ఒక్కసారిగా రేజ్ ఇచ్చేదాన్ని. బండి ఎగిరి దూకేది. ఆవిడ వెనక పరిగెత్తుతూ, "ఓలమ్మో! బేగి బిరేకు, బిరేకు!" అని కేకలు. అది కాస్త కుదిరాక ఇంకో కష్టం వచ్చింది. ఆ స్థలంలో ఒక పెద్ద గొయ్యి ఉంది. స్థలమంతా ఖాళీగా ఉన్నా నేను తిన్నగా ఆ గోతిలోకే వెళ్ళేదాన్ని. తప్పించుకోవాలని దాన్నే చూస్తూ, అందులోనే పడేదాన్ని.

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది. "గోతికేసి సూస్తే గోతిలోకే ఎల్తావప్పా. దారికేసి సూడు. బండి నీ కళ్ళెనకాలే వస్తాది."

ఆదివారపు బడి పిల్లలకు నేను ఎన్నోసార్లు చెప్పిన కథ గుర్తొచ్చింది. నీళ్ళ మీద నడవబోయిన శిష్యుడు గాలిని చూసి భయపడి మునిగిపోతాడు. గాలి ఉన్నదని ప్రభువుకు తెలియదా? గొయ్యి ఉన్నదని చేపలావిడకు తెలియదా? లేదని ఎవరూ అనలేదు. అప్పటిదాకా నేను పొద్దున లేస్తే ఆయన కళ్ళను తల్చుకునేదాన్ని, పడుకునేటప్పుడూ ఆ కళ్ళనే తల్చుకునేదాన్ని. నా ప్రార్థనంతా ఆ గోతి చుట్టూనే తిరిగేది. ఆ సాయంత్రం మొదటిసారిగా, "ప్రభువా, ఆయన కళ్ళు నీ చేతిలో పెట్టాను, నాకు ఈ వారం వెళ్ళాల్సిన దారి చూపించు," అని అడిగాను.

రోజూ ఇంటికొచ్చి బండి నిలబెట్టేటప్పుడు ఆయన వరండాలోంచి వింటుండేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, "ఆ రేజేటే? ఇంజను ఏడుస్తంది. మెల్లగా తిప్పు," అన్నాడు. ఇంకోరోజు, "ఎనక టైర్లో గాలి తక్కువున్నాది, సప్పుడు తెలవడం నేదా?" అన్నాడు. నాకు తెలియలేదు. చూస్తే నిజమే.

తర్వాత ఒంటరిగా చర్చికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆయన్ని రమ్మని అడగలేదు. తిరిగొచ్చాక అన్నం పెడుతూ దారి గురించి చెప్పేదాన్ని. గట్టు పక్కన చెరుకు కొట్టేశారనీ, చంపావతి ఏట్లో నీళ్ళు లేక ఇసుక బయటపడిందనీ, కాలవ మలుపులో మట్టి పోశారనీ. ఆయన తింటూ వినేవాడు. "అయ్యగోరు ఏటి సెప్పేరు?" అని మాత్రం అడిగేవాడు కాదు.

నాట్లు పడుతున్న రోజుల్లో ఒక ఆదివారం నేను తయారై బయటికి వచ్చేసరికి ఆయన స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని బండి పక్కన నిలబడి ఉన్నాడు.

"ఎనకాల కూకుంటాను," అన్నాడు. "గుమ్మం కాడే దించు. దారంట ఎవులైనా ఆపి ఓదారిస్తే మాత్రం ఎనక్కొచ్చేస్తాను."

"ఆపను," అన్నాను.

ఊరు దాటేదాకా బాగానే వెళ్ళాం. ఆయన నా భుజం గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ నేను వెనక కూర్చున్నప్పుడు నాకు ఎలా ఉండేదో ఆయనకు తెలిసొస్తున్నట్టుంది. కాలవ మలుపు వచ్చింది. నేను ఎడమకు తిప్పాను, బండి ఎడమకు ఒరిగింది. ఆయన పడిపోతున్నాననుకుని ఒక్క విసురున కుడివైపు ఒరిగి, కాలు కింద పెట్టబోయాడు. బండి అదుపు తప్పింది. ఇద్దరం పక్కనున్న మడి బురదలో పడ్డాం.

నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు పరుగున వచ్చి లేపారు. ఆయన మోచెయ్యి గీరుకుపోయింది. నా చీరంతా బురద.

"నాను సెప్పేను కాదా నీకు రాదని!" అని అరిచాడు.

నాకూ ఒళ్ళు మండింది. "బండికి ఎదురు ఒరిగింది ఎవులు? నేను తిప్పితే నువ్వు అటేపు లాగితే ఏటవుద్ది? నమ్మి ఎక్కినోడివి నాతో ఒరగాల. నమ్మకపోతే ఎక్కకూడదు!"

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే గుచ్చుకుంది. నీ చిత్తమే జరగనీ ప్రభువా అని ఎన్నేళ్ళ నుంచి ప్రార్థిస్తున్నాను! ఆయన కళ్ళు పోయిన దగ్గర్నుంచి ప్రతి మలుపులోనూ నేను ఎదురు ఒరుగుతూనే ఉన్నాను. ఇటు కాదు ప్రభువా, అటు తిప్పు అని. నోటితో ఎక్కాను గానీ ఒంటితో ఎక్కలేదు. నేను వంగి బురదలోంచి బండి లేపాను.

ఆయన కాలవ నీళ్ళతో మోచెయ్యి కడుక్కుని, తడుముకుంటూ వచ్చి సీటు పట్టుకున్నాడు.

"భయమేసింది," అన్నాడు. "కనపడకపోతే ఎటు ఒరుగుతన్నామో తెలవదు. మలుపొచ్చే ముందు సెప్పు."

"సెప్తాను."

"అయితే పద. ఆరాధన మొదలైపోయుంటాది."

"ఈ బురదతోనా?"

"నాకు కనపడదు. నీకు సిగ్గయితే నువ్వుండిపో," అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన నోట విన్న హాస్యం అది.

ఎడమ మలుపు, స్పీడ్ బ్రేకరు, ఎదురుగా ట్రాక్టరు, ఇప్పుడు కుడి అని దారంతా చెప్పుకుంటూ వెళ్ళాను. నా మాట వినగానే ఆయన భారం నాతో పాటే ఒరిగేది. ఒకరు వెనక ఉన్న బరువే తెలియలేదు.

మేం వెళ్ళేసరికి సాక్ష్యాల సమయం, ఎవరి అనుభవం వాళ్ళు లేచి చెప్పే వేళ. బురద బట్టలతో ఇద్దరం గుమ్మంలోంచి వస్తుంటే సంఘమంతా తిరిగి చూసింది. అయ్యగారు సాక్ష్యం చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారా అని మాత్రం అన్నారు. నేను ఊహించలేదు, మా ఆయన ముందు వరుస బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు సూపు రానేదు," అన్నాడు. "రెండో కన్ను కూడా పోవచ్చని డాట్రమ్మ సెప్పింది. ఆ సభలో నాను నిజం సెప్పేను. ఈ రోజూ అదే సెప్తన్నాను. దేవుడి మీద నాకు కోపమొచ్చింది. ఇంకా పూర్తిగా పోనేదు. అయినా వచ్చేను. ఈ మనిషి నన్ను తీసుకొచ్చింది. దార్లో మడిలో పడీసింది కూడాను."

ముందు ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆరాధన అయ్యాక దగ్గరికి వచ్చి, "వచ్చే వారం వాక్యపఠనం మీదే," అన్నారు.

"ఎలాగండి?"

"అమ్మ చదివి వినిపిస్తుంది. మీరు కంఠతా పట్టి చెప్పండి. మీకు అది వచ్చని నాకు తెలుసు." అంటే ఆయన పేజీ చూడకుండా చెప్పిన ఆ మొదటి ఆదివారం అయ్యగారు కూడా గమనించారన్నమాట.

అప్పటి నుంచి మా ఇంట్లో మధ్యాహ్నాలు అలాగే గడుస్తున్నాయి. మిషను పక్కన గ్రంథం తెరిచి పెట్టుకుంటాను. జాకెట్టుకు ఒక చెయ్యి కుట్టి, ఒక వచనం చదువుతాను. ఆయన తిరిగి చెబుతాడు. తప్పితే మళ్ళీ చదువుతాను. పోయినేడాది రెండో కన్ను కూడా మసకబారింది. ఇప్పుడు వెలుగు, నీడ మాత్రమే తెలుస్తాయి. ఆ వారమంతా ఆయన సరిగా తినలేదు. ఆదివారం మాత్రం బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

మా సంఘంలో సభలు పెట్టాలని పెద్దలు మాట్లాడుకున్నప్పుడు ఆయన కూడా వెళ్ళాడు. రోగుల కోసం ప్రార్థన చెయ్యాల్సిందే గానీ, ఎవరి నోటి దగ్గరా మైకు పెట్టి అడగకూడదని పట్టుబట్టాడు. కొందరు ఒప్పుకోలేదు. ఆయన కుర్చీలోంచి లేవలేదు. చివరికి అలాగేనన్నారు.

ఈ వారమంతా వాన. కాలవ గట్టు మీద బండి వెళ్ళదని ఇందాకే కబురొచ్చింది. ఈసారి ఆయన కంఠతా పడుతున్న అధ్యాయం పొడుగైనది, మధ్యలో ఊళ్ళ పేర్లు వరసగా వస్తాయి, అక్కడ తడబడుతున్నాడు.

"గట్టు మీద బండి ఎల్లదంట బావా. చుట్టూ తిరిగి అవతలూరి మీంచి ఎల్లాల," అన్నాను.

"అయితే బేగి బయల్దేరాల," అన్నాడు. "ఆ పేర్లు మళ్ళీ సదువు."