దించి చూడని కారద్దం

మొన్న పావగడలో మా నాయన కొత్తగా కొన్న సెకండ్‌హ్యాండ్ కారు తలుపులకు స్పీకర్లు పెట్టిస్తుంటే, తలుపు లోపలివైపు ఊడదీసిన అట్ట వెనక నుంచి రబ్బరు బంక వాసనతో పాటు ఏళ్ల తరబడి పేరుకున్న ఎర్రమట్టి వాసన ముక్కుకు తగిలి, ఇంతదాన్నయ్యాక కూడా నా అరచేతుల్లో చెమట పట్టింది.

మాది రాయచెర్లు. సోలార్ పార్కు కడుతున్న రోజుల్లో లారీలు లేపిన దుమ్ము ఆరేసిన బట్టల మీద, గొర్రెల చెవుల మీద, చివరికి సంగటి ముద్ద మీద కూడా పడేది, అవ్వ దాన్ని తిట్టుకుంటూ గిన్నెలన్నీ బోర్లించుకుంటూ తిరిగేది. మా చేన్లో శనక్కాయకు బదులు సోలార్ పలకల ఇనుప కంబాలు లేచిన మొదటి ఏడాది అది. దసరా వచ్చినా ఇంట్లో పచ్చి శనక్కాయలు ఉడికే వాసన లేదు. దున్నడానికి చేను లేక నాయన డ్రైవింగ్ నేర్చుకుని, సోలార్ పనులకు బాడుగకు తిప్పుదామని ఒక పాత కారు తెచ్చాడు. ఆ కారుకు ఒకటే కట్టుబాటు, దుమ్ము పడకుండా అద్దాలు దించకూడదు. పిల్లలం బస్సాట ఆడినా ఉడికిపోతూ లోపలే ఆడాలి.

ఆయుధపూజకు ముందురోజు మధ్యాహ్నం కంట్రాక్టరు తరఫు ఆఫీసరు కారు చూడటానికి వస్తానన్నాడు. ఆయన మెచ్చితే బాడుగ ఖాయం. పాటలుంటే ఇంకా మెచ్చుతాడని నాయన పెద్ద స్పీకర్లు తెచ్చి, తలుపులోని చిన్న రంధ్రాన్ని రేకు కత్తెరతో పెద్దది చేసి, పొద్దున్నుంచి కుస్తీ పట్టాడు. స్క్రూలు పోకుండా అవ్వ వక్కాకు డబ్బీలో పట్టుకుని నేను పక్కనే కూర్చున్నాను. ఒకవైపు స్పీకరు బిగించి, అవతలి తలుపు దగ్గరికి పోతూ అన్నాడు.

"పాపా, అద్దం పూర్తిగా దించి చూడు. లోపల స్పీకరుకు తగులుతాదేమో."

సరిగ్గా అప్పుడే ఒక లారీ పోయింది. తుడిచిన సీట్ల మీద దుమ్ము పడుతుందని హ్యాండిల్‌ను రెండు చుట్లు తిప్పి, మళ్లీ ఎత్తేశాను.

"దిగుతాది నాయనా."

నాయన వచ్చి అట్ట బిగించేశాడు. ఆ తర్వాత గానీ నాకు భయం మొదలవలేదు. స్పీకరు వెనక నుంచి అద్దం దిగే దారిలోకి పొడుచుకొచ్చిన ఆ లావు అయస్కాంతమే కళ్లలో మెదిలింది. చెప్పేద్దామని పోతే నాయన పాట పెట్టి, అవ్వను సీట్లో కూర్చోబెట్టి, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. స్క్రూల డబ్బీ అవ్వ ఒళ్లో పెట్టి వచ్చేశాను.

ఆఫీసరు వచ్చి ముందు సీట్లో, నేను దించి చూడని అద్దం పక్కనే కూర్చున్నాడు. పాటకు మోకాలి మీద తాళం వేస్తుంటే కాస్త ఊపిరి తీసుకున్నాను. అంతలో ఉక్కపోసి హ్యాండిల్ పట్టుకున్నాడు. అద్దం సగం దిగి ఆగింది. బలంగా తిప్పాడు. టక్కుమని ఆ మూల నుంచి ఈ మూలకు పగులు పాకింది. ఫోన్ చేస్తానని దిగి వెళ్లిపోయాడు. నాయన పగిలిన అద్దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"దిష్టిప్పా. ఊరంతా వినేట్టు పాట పెడితే కండ్లు పడవా?" అంటూ అవ్వ మర్నాటి పూజకు తెచ్చిన గుమ్మడికాయను ఆరోజే కొట్టేసింది.

ఫోన్ రాలేదు. మళ్లీ వానలు పడేదాకా నాయన ఇతరుల గొర్రెల వెంట తిరిగాడు. సాయంత్రం ఇల్లు చేరి కాళ్లు కడుక్కుంటుంటే చూడలేక నేను లోపలికి పోయేదాన్ని. అది దిష్టేనని నన్ను నేను నమ్మించుకున్నాను. నిజం ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు అవ్వ లేదు, ఆ కారు లేదు, శనక్కాయ చేను లేదు. కట్టడం అయిపోయి ఆ దుమ్ము కూడా లేదు, మా ఊరి కార్లన్నీ అద్దాలు దించుకునే తిరుగుతున్నాయి. మొన్న మెకానిక్ అట్ట బిగించబోతుంటే బల్ల మీద కూర్చున్న నాయన చెయ్యెత్తి ఆపి, నా వైపు చూశాడు.

"పాపా, ఈసారి పూర్తిగా దించి చూడు."

అద్దం కిందిదాకా దిగేట్టు హ్యాండిల్ తిప్పాను గానీ, తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాను.