తూములు మూసి ఉన్న రోజు

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. నేవీలో డైవింగ్ నేర్చుకున్నవాణ్ణి. నీళ్ళ అడుగున భయపడాల్సింది ప్రవాహానికి ఒక్కదానికేనని అనుకునేవాణ్ణి.

డెబ్బైల్లో కంచన్‌బాగ్‌లో ఉద్యోగం చేస్తూ పత్తర్‌గట్టి వెనక సందులో అద్దెకుండేవాణ్ణి. పక్క వాటాలో యాదగిరి, అతని భార్య మల్లమ్మ ఉండేవారు. గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళలోకి దిగడం యాదగిరికి నేనే నేర్పాను. సెలవు రోజుల్లో ఇద్దరం నర్సింగరావు అనే కాంట్రాక్టరుకు పనిచేసేవాళ్ళం. ఊరి బయట జలాశయంలో పాత బంగళా ఒకటి మునిగి ఉంది. దాని చెక్కడపు రాళ్ళు మాతో పైకి తెప్పించి నర్సింగరావు అమ్ముకునేవాడు. తూములు తెరిస్తే ఆ గదుల గుండా పారే నీళ్ళు మనిషిని ఈడ్చుకుపోతాయి. మూసి ఉన్నప్పుడే దిగాలి.

నాకు డ్యూటీ ఉన్న ఒక రోజు నర్సింగరావు యాదగిరిని ఒక్కణ్ణే దింపాడు. తూములు తెరిచే ఉన్నాయి. వెనకగది కిటికీ ఊచలకు అతుక్కుపోయిన యాదగిరిని సాయంత్రం తూములు మూశాక నేనే విడదీసి పైకి తెచ్చాను.

తాగి దిగాడని నర్సింగరావు పోలీసులకు చెప్పాడు. యాదగిరి కల్లు కూడా ముట్టడు. మల్లమ్మ ఏడవలేదు. శవం పక్కన నిలబడి, "నా మొగడు నిన్ను ఇడిసిపెట్టడు" అని నర్సింగరావుతో అంది.

కొన్ని నెలలకు అతను నన్ను మళ్ళీ పిలిచాడు. ఒప్పుకున్నాను. పడవ నడిపే బాలయ్య ఎదుటే అతనితో నిజం చెప్పించాలని నా కసి. తూములు మూసి ఉన్నాయని స్వయంగా చూసుకుని, నర్సింగరావుతో పాటు పడవెక్కాను.

"ఆ రోజు తూములు తెరిచున్నాయని మీకు తెలుసు కదా?" అని అడిగాను.

"అయిపోయిన లొల్లి ఇప్పుడెందుకు భాయ్? తాగి దిగిండు, పోయిండు" అన్నాడు.

నేను నీళ్ళలోకి దిగాను. నీళ్ళలో నలుసు కూడా కదలడం లేదు. బంగళాలోకి వెళ్ళేసరికి అదే కిటికీ దగ్గర తెల్లచొక్కా కనిపించింది. నర్సింగరావు. వీపు ఊచలకు అతుక్కుని ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. నా గాలిగొట్టం తీసి అతని నోటికి పెట్టాను. అందుకోలేదు. ఎంత గుంజినా రాలేదు. కదలిక పూర్తిగా ఆగిపోయాక, దానంతటదే ఊడి నా మీదికి వచ్చింది శరీరం.

శవాన్ని పడవలోకి లాగుతూ బాలయ్య చెప్పాడు. "నువ్వు దిగంగనే సారు నీళ్ళల్లకు వంగిండన్నా. ఎవరో అడిగినట్టే జవాబిచ్చిండు. 'అవురా యాదగిరీ, తెరిచున్నయని నాకు ఎరుకే' అన్నడు. గంతే, చప్పుడు గాకుండ లోపలికి పోయిండు."

మల్లమ్మకు అంతా చెప్పాను. విని, "ఇంక నా మొగడు పండుకుంటడు" అంది.

ఈత రాని మనిషి, నిలిచిన నీళ్ళలో, నాకంటే ముందు ఆ గదిలోకి ఎలా చేరాడో నాకు ఇప్పటికీ తెలియదు. అతన్ని ఊచల అటువైపు నుంచి పట్టి ఉంచిన బలం మాత్రం నా చేతులకు తెలుసు.