అక్క మంచం ఉన్న మూల

అక్క ప్రాణం పోయిన మూలలోనే కుందేలు ఒంటేలు పోసేది. దానికి గూడు లేదు, తాడు లేదు. రెండు గదులు, వంటిల్లు, వరండా అన్నీ దానివే. అంత స్వేచ్ఛ ఉన్న ప్రాణి ఎంచుకున్నది ఆ ఒక్క మూలనే.

మదనపల్లెలో ఒక మేడమీద అక్కా నేనూ అద్దెకు ఉండేవాళ్లం. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. ఆమె బట్టలు కుట్టేది, నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. మూడేళ్ల కిందట పుంగనూరు నుంచి కుందేలును ఒడిలో పెట్టుకుని బస్సులో తెచ్చింది. పేరు పెట్టలేదు. నన్నెలా పిలిచేదో దాన్నీ అలాగే పిలిచేది. "రాప్పా, తిందువు" అంటే ఇద్దరం వెళ్లేవాళ్లం. ముందు దొరికేది దానికే.

ఆమె ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఎక్కడా ఒక్క చుక్క తడి చూడలేదు నేను. కుందేళ్లు పుట్టుకతోనే శుభ్రమైన జాతి అనుకున్నాను. స్టాఫ్ రూములో ఆ మాట గొప్పగా చెప్పాను కూడా.

ఒకరోజు పొద్దున అక్క మంచం మీద నుంచి లేవలేదు. గుండె అన్నారు. కుప్పం నుంచి పిన్ని వచ్చి పద్ధతులన్నీ తానే చూసుకుంది. మంచాన్నీ దాని కింద ఉన్నవాటినీ ఎవరికో ఇప్పించేసింది. ఇల్లు కడిగించి, ఆ మూలలో దీపం పెట్టించింది. పదకొండో రోజు దాటాక బస్సెక్కుతూ చెప్పింది.

"సంవత్సరీకం దాకా ఆడ ఏమీ పెట్టొద్దప్పా. కాలు కూడా పెట్టొద్దు."

దీపం ఇక పెట్టక్కర్లేదని కూడా చెప్పింది. నేను మాత్రం రోజూ సందెవేళ పెడుతూనే ఉన్నాను. మానడానికి ఒక రోజు కావాలి, ఏ రోజూ అది ఇవాళే అనిపించలేదు.

ఆ పదకొండు రోజులూ కింది ఇంట్లో ఉన్న కుందేలు పైకి రాగానే నేరుగా ఆ మూలకు వెళ్లింది. దీపం పక్కన నేల వాసన చూసింది. వెనక కాలితో ఒక్కసారి నేలను కొట్టింది. 'దబ్' మని, కుట్టుమిషను కింద అక్క కాలు ఆపినప్పటి చప్పుడే.  తరువాత తీరిగ్గా ఒంటేలు పోసింది.

రోజూ అంతే. ఫోనులో వీడియోలు చూశాను. తిట్టకూడదట, కొట్టకూడదట. ప్లాస్టిక్ టబ్బులో వేరుశనగ పొట్టు పోసి, అంచున పచ్చగడ్డి పెట్టి బాత్రూములో పెట్టాను. గడ్డి తిని మూలకు పోయింది. వరండాలో పెట్టాను. గడ్డి తిని మూలకు పోయింది. వంటింట్లో పెట్టినా అదే వరస. ఎన్నో ఏళ్లుగా పిల్లలకు విసర్గలు నేర్పుతున్నవాణ్ణి, విసర్జన నేర్పలేకపోయాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనుషులుంటారు. ఇక్కడ కుందేలే నన్ను పట్టుకుని, నాకు ఒక్కటే కాలంటోంది.

కింద ఉండే ఇంటావిడ పైకొచ్చి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమి సార్, వాసన మెట్లు దిగి మా ఇంట్లోకొస్తాండాది. రంజాన్ నెల వస్తాండాది, నమాజుకు కూచోవాల. ఆ లోపల అదన్నా పద్ధతి నేర్సుకోవాల, మీరన్నా వేరే ఇల్లు సూసుకోవాల."

పిన్నికి ఫోన్ చేశాను.

"గుడుపల్లెలో మనోళ్లు కుందేళ్లు పెంచుతాండారు. ఇచ్చేయ్."

"పెంచి ఏం చేస్తారు పిన్నీ?"

"అది నువ్వడగొద్దు." గొంతు తగ్గించింది. "ఆడ మీ అక్క ఉండాదని దానికి కనిపిస్తాండాదేమోప్పా."

నేనూ ఎవరితోనూ అనకుండా అదే అనుకుంటున్నాను. అది మూలకు వెళ్లిన ప్రతిసారీ ఉష్ అని తరిమేవాణ్ణి. వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదా అని చూసేవాణ్ణి. దాన్ని పంపించేస్తే, 'రాప్పా' అన్న గొంతును విన్న చెవులు ఆ ఇంట్లో ఇక నావి మాత్రమే మిగులుతాయి.

ఆదివారం దాన్ని టమోటా క్రేటులో పెట్టి, పైన తువ్వాలు కట్టి పుంగనూరు బస్సెక్కాను. కండక్టరు వంగి చూశాడు. "ఏమి సార్, టమోటాలకు చెవులొచ్చినాయే!"

దాన్ని అక్కకు అమ్మిన ముసలామె ఇంటి వెనక ఇంకా కుందేళ్లు పెంచుతోంది. నా కథంతా విని నవ్వింది.

"అది యాడ పోతాదో ఆడ పెట్టప్పా టబ్బు. మనం సూపించిన సోటికి అది రాదు."

"ఆడ పెట్టకూడదమ్మా."

"యాల?"

చెప్పాను. ఆమె నవ్వు ఆపి, కుందేలు చెవులు నిమిరింది.

"మంచం ఆడే ఉండె కదా? దాని కిందనే టబ్బు పెట్టుండె మీ అక్క. కింద సీకటిగా ఉంటాది, ఆడ పెట్టుకోమ్మా అని నేనే సెప్పి పంపిస్తి. ఇది దాని సోటు ఎతుక్కుంటాండాది, అంతే."

"నేనెప్పుడూ చూడలేదే."

"మూడేండ్లు ఒగే ఇంట్లో ఉండి, ఒగసారన్నా వంగి సూళ్లేదా అప్పా?"

నేను లేచేలోపే అక్క టబ్బు కడిగి, పొట్టు మార్చి, చేతులు కడుక్కుని కాఫీ పెట్టేదన్నమాట. పిన్ని ఇచ్చేయించిన సామానులో ఆ టబ్బూ పోయింది. దయ్యం లేదని తెలిస్తే గుండె తేలికపడాలి. బస్సు మదనపల్లె చేరేదాకా క్రేటును ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

సందెవేళ దీపాన్ని కిటికీ గట్టు మీదికి మార్చాను. మూలలో కాలు పెట్టాను. టబ్బు పెట్టాను. అంతలోనే కుప్పం నుంచి ఫోన్.

"వద్దన్నా ఈ పొద్దూ దీపం పెట్టినావా?"

"పెట్టినా పిన్నీ."

ఎక్కడని ఆమె అడగలేదు.

కుందేలు వచ్చింది. టబ్బులోకి దూకి, పొట్టు కాస్త గీకి, పని కానిచ్చుకుంది. బయటికొచ్చి, మూరెడు దూరంలో గడ్డం నేలకు ఆనించి, కళ్లు సగం మూసి ఆగింది. ఎందుకో అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. మంచం మీద నుంచి అక్క చెయ్యి కిందికి వేలాడే చోటది. నేను నేల మీద కూర్చుని దాని తల నిమిరాను. నా వేళ్లు వాసన చూసింది. కాస్త పక్కకు జరిగి, మళ్లీ తల వంచి ఆగింది.

రంజాన్ మొదలుకాకముందే ఇంటావిడ వచ్చి మూలమూలా వాసన చూసింది. "అరే, శభాష్! నేర్సుకున్యాది" అంది. నేర్చుకున్నది అది కాదు.

ఇప్పుడు నేల పొడిగా ఉంటుంది. అది మాత్రం రోజూ టబ్బు దిగి అక్కడే తల వంచుతుంది. మొన్న దీపం వెలిగించి, "రాప్పా, తిందువు" అన్నాను. అనుకుని అనలేదు, వచ్చేసింది. కుందేలు తలెత్తింది. నా వైపు చూడలేదు. నేల మీద నుంచి మంచమంత ఎత్తున, దిండు ఉండే చోటికి చూసింది.

నేనూ చూశాను.