చుక్క పెట్టిన చోట

మా నాన్న ఇంద్రజాలికుడు. బళ్ళ వార్షికోత్సవాల్లో, ఫ్యాక్టరీల వాళ్ళ సభల్లో, ఊరి చివర వేసే ఎగ్జిబిషన్లలో ఆడేవాడు. అందరూ మాస్టారూ అని పిలిచేవారు. దేనికి మాస్టారో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఆయనకు తొంభై ఆరు ఆటలు వచ్చు. వాటిని గుర్తుపెట్టుకోవడమే అసలు చాకిరీ అనేవాడు. "నేర్చుకోవడానికి నెల పడుతుంది. మర్చిపోవడానికి ఒక జ్వరం చాలు" అనేవాడు. అందుకని రోజూ పొద్దున్నే ఇల్లంతా ఒక చుట్టు తిరిగేవాడు. గడప దగ్గర తాడు ఆటలు, కిటికీ దగ్గర నాణేలు, పొయ్యి దగ్గర నిప్పు, బట్టల బీరువా దగ్గర రుమాళ్ళు. ఒక్కోచోట నిలబడి, అక్కడ పెట్టుకున్న ఆటలన్నీ వట్టి చేతులతో ఆడి, ముందుకు కదిలేవాడు. అమ్మ వంటింట్లో ఉంటే, "కాస్త జరుగు, నా ఆటలు నీ వెనకున్నాయి" అనేవాడు. "నా వెనక మసి తప్ప ఏమీ లేదు" అనేది అమ్మ. ఇల్లు మారినప్పుడల్లా సామాను విప్పకుండా మూడు రోజులు ఆయన ఆ గోడలకీ తలుపులకీ ఆటలు అప్పజెప్పుతూ తిరిగేవాడు. మేం మూటల మీద కూర్చుని చూసేవాళ్ళం.

ఇవిగాక ఏడు నోటు పుస్తకాలు ఉండేవి. ఎవరి కంటబడినా అర్థం కాకుండా అన్నీ చుట్టాల పేర్లతో రాసుకున్నాడు. నాణెం బావగారు. రుమాలు మరదలు. ముందు కూర్చుని ఆట చూసే జనం అత్తగారు. తను మావయ్య. "అత్తగారు కుడివైపు చూస్తుండగా బావగారు జారుకుని మావయ్య చొక్కాలో దూరాడు" అని ఉండేది. చిన్నప్పుడు అదంతా మా బంధువుల బాగోతం అనుకున్నాను. ఒక్కో ఆటలో ఒక్క మెట్టు మాత్రం రాసేవాడు కాదు. అక్కడ ఒక చుక్క పెట్టి వదిలేసేవాడు. "పుస్తకం పోయినా విద్య పోదు. చుక్క దగ్గరున్నది నా బుర్రలో ఉంది" అనేవాడు.

మా అత్త, అంటే నాన్న చెల్లెలు, పదహారో ఏట నుంచి ఇరవై రెండో ఏట దాకా ఆయన పక్కనే ఆడింది. పావురాల బుట్టలో, బల్లకింద, అద్దం వెనక, ఎక్కడ దాక్కోవాలన్నా అత్తే. పేరు తెచ్చింది నిలువుపెట్టె ఆట. అత్త పెట్టెలో నిలబడి, పక్కనున్న రంధ్రంలోంచి ఎడమచెయ్యి బయటపెట్టి రుమాలు ఊపేది. నాన్న పైనుంచి ఇనుప పలకలు ఒకటొకటిగా దింపేవాడు. మూడో పలకను లోపల ఒక మేకు ఆపి ఉంచుతుంది. అత్త ఆరు దాకా లెక్కపెట్టి, చెయ్యి లోపలికి తీసుకుని, రెండో చేత్తో మేకు లాగితే పలక దభీమని పడుతుంది. జనం కెవ్వుమంటారు. ఆ తర్వాత తలుపు తీస్తే అత్త నవ్వుతూ బయటికొస్తుంది.

ఒక ఆదివారం నవ్వుతూ రాలేదు. చెయ్యి ఇంకా బయటుండగానే పలక పడింది. చిటికెనవేలు, ఉంగరంవేలు పోయాయి. అప్పటికి నాకు రెండేళ్ళు. తర్వాత నేను పెరుగుతూ విన్నది ఒకటే కథ, అదీ అత్త నోటనే. "నాదే తప్పు. ఐదుకే లాగేశాను." నాన్న ఆ మాటకు ఎన్నడూ అవుననలేదు, కాదనలేదు. తల వంచుకుని అన్నం కలుపుకునేవాడు. మంచితనం కొద్దీ చెల్లెల్ని నిందించలేదని అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను.

అత్త ఆటలు మానేసి కుట్టుపని నేర్చుకుంది. ఎనిమిది వేళ్ళతో బట్ట తిప్పడం నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టిందట. మా వీధి మలుపులో చిన్న గది అద్దెకు తీసుకుని, ఒక మిషను వేసుకుని, బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "లెక్క తప్పే మనిషిని ఎవరు చేసుకుంటారు" అని నవ్వేసేది.

నాన్నకు అరవై రెండో ఏట ఒక బడిలో ఆడుతుండగా చేతులు ఆగిపోయాయి. తాడు రెండు ముక్కలు చేశాడు. అతికించడం గుర్తు రాలేదు. రెండు ముక్కలూ చెరో చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. పిల్లలు అది కూడా ఆటలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు. మెదడులో సన్నటి నాళాలు ఒకటొకటే మూసుకుపోతున్నాయని డాక్టరు చెప్పాడు. మళ్ళీ తెరుచుకుంటాయా అని అడిగితే, నా వైపు చూడకుండా మందులు రాశాడు.

అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు. నాన్నను నేనే చూసుకునేదాన్ని. ఆయన పొద్దున్నే ఇల్లు తిరగడం మానలేదు. కిటికీ దగ్గర నిలబడి, "ఇక్కడేదో పెట్టాను, ఇక్కడే పెట్టాను" అంటూ చువ్వలు తడిమేవాడు. పుస్తకాలు తెరిచి చుక్క దాకా చదివేవాడు. చుక్క దగ్గర ఆగేవాడు. అక్కణ్ణుంచి మళ్ళీ మొదటికి. ఒకరోజు ఆ చుక్క మీద గోరుతో గీకి గీకి కాగితం చిరిగేదాకా తెచ్చాడు, కింద ఇంకేదో ఉందన్నట్టు.

చూడలేక అత్తను పిలిచాను. సగం ఆటలు ఆమె లోపలినుంచి చూసినవే. మధ్యాహ్నాలు మిషను మూసి వచ్చేది. చుట్టాల భాష పదిహేను రోజుల్లో పట్టేసింది. "ఇక్కడ మరదలు ఎడమచేతి మడతలో ఉండాలి అన్నయ్యా, నువ్వు దగ్గేవాడివి, అదే సైగ" అనేది. నాన్న ముఖం వెలిగిపోయేది. అత్త ఆ చుక్క పక్కనే మామూలు మాటల్లో రాసేది. అలా రెండు నెలల్లో నలభై చుక్కలు పూడ్చారు.

ఏడో పుస్తకంలో నిలువుపెట్టె వచ్చింది. అత్త ఆ పేజీ తిప్పేసి ముందుకు పోతుందనుకున్నాను. పోలేదు. వేలు పెట్టి నెమ్మదిగా చదివింది.

"అన్నయ్యా, ఇక్కడ చిన్నకోడలు అని రాశావు. ఎవరు?"

నాన్న వెంటనే చెప్పాడు. "మేకు. పలకని ఆపే మేకు. ఇంటి బరువంతా మోసేదీ, ఎవరి కంటా పడనిదీ చిన్నకోడలేగా!" గుర్తొచ్చినందుకు తనలో తనే మురిసిపోయాడు.

అత్త కిందికి చదివింది. పేజీ అడుగున వేరే సిరాతో, తేదీ వేసి ఉంది. ఆ ఆదివారానికి ముందు శుక్రవారం. "చిన్నకోడలి నడుం వదులైంది. ఆదివారం ఒక్కపూట ఓర్చుకుంటుంది. సోమవారం చూపించాలి."

నేను ఆ వాక్యం రెండుసార్లు చదివి అత్త ముఖంలోకి చూడలేకపోయాను.

"అన్నయ్యా," అంది అత్త. గొంతు మామూలుగానే ఉంది. "మేకు వదులైతే ఏం చెయ్యాలి?"

"ఆట ఆపెయ్యాలి. లాగకముందే అదే జారిపోతుంది. లోపలున్న మనిషికి ప్రమాదం." పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"మరి ఆ ఆదివారం ఎందుకు ఆపలేదు?"

"ఏ ఆదివారం?"

అత్త ఎడమచెయ్యి పుస్తకం మీద పెట్టింది. నాన్న చాలాసేపు ఆ చెయ్యి చూశాడు. "అయ్యో, ఈ వేళ్ళకేమైంది అమ్మడూ? మిషన్లో పడ్డాయా?"

"పలక కింద పడ్డాయి. వదులైన మేకుతో ఆడించారు."

"ఎవడు వాడు?" నాన్న లేచి నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తెలిసి తెలిసి ఆడించాడా? మనిషేనా వాడు? నాకు చూపించు."

అత్త పుస్తకం మూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

పదకొండు రోజులు రాలేదు. నాన్న రెండో రోజుకే అంతా మర్చిపోయి, "అమ్మడు రాలేదేం, జ్వరమా?" అని అడగడం మొదలుపెట్టాడు. నేను ఆయనకు అన్నం పెడుతున్నాను, స్నానం చేయిస్తున్నాను గానీ, ఆ రోజుల్లో ఒక్కమాట కూడా మాట్లాడలేకపోయాను.

చివరికి నేనే మిషను గదికి వెళ్ళాను. అత్త కాలర్లు కత్తిరిస్తోంది.

"ఇరవై ఎనిమిదేళ్ళే" అంది తలెత్తకుండా. "ఐదుకే లాగానా, అసలు లాగానా అని. ఎన్నిసార్లు తలుచుకున్నా లాగలేదనే అనిపించేది. నా బుర్రే నన్ను మోసం చేస్తోందనుకున్నాను. ఆయన ఒక్కమాట చెబితే పోయేదానికి."

"నాన్నని తిట్టు అత్తా. నోరారా తిట్టు. నేను అడ్డురాను."

"తిట్టడానికి మనిషుండాలిగా. ఆ శుక్రవారం రాసుకున్నవాడు ఇప్పుడు మీ ఇంట్లో లేడు. ఉన్నవాడు నా వేళ్ళు చూసి ఏడ్చాడు. ఎవర్ని తిట్టను చెప్పు?"

కత్తిరించిన ముక్కలు తీసి దొంతర పెట్టాను.

మర్నాడు అత్త వచ్చింది. ఇదివరకటిలా నవ్వలేదు, పరాచికాలాడలేదు. నాన్న దగ్గరకు జరిగితే తన కుర్చీ వెనక్కి జరుపుకునేది. చుక్కలు మాత్రం పూడ్చుకుంటూ పోయింది. అరవై మూడు దాకా వచ్చాయి. మిగతావి ఎవరికీ తెలియవు. ఏడాది తిరగకుండానే నాన్న మాట పడిపోయింది, మరో నాలుగు నెలలకు ప్రాణం పోయింది. శవం దగ్గర అత్త కూర్చుంది. ఏడవలేదు.

ఇంద్రజాలికుల సంఘం కార్యదర్శి పుస్తకాల కోసం వచ్చాడు. వయసులో నాన్న కంటే చిన్నవాడు, నాన్న దగ్గరే మొదటి ఆట నేర్చుకున్నవాడు. ఏడో పుస్తకం తిరగేసి, ఆ పేజీ దగ్గర ఆగిపోయాడు. నిలువుపెట్టె చుక్క పక్కన అత్త రాసింది: "మేకు వదులైతే ఆడకూడదు. లోపలి మనిషి చెయ్యి లోపలికి వచ్చేదాకా పలక ఆగదు. నాకు ఆగలేదు."

"అమ్మా, ఈ ఒక్క కాగితం తీసేద్దాం. మాస్టారి పేరు పోతుంది" అన్నాడు మెల్లగా.

"ఇదే చదవాల్సింది. మిగతావి ఉన్నా లేకపోయినా ఒకటే" అంది అత్త.

"కుర్రాళ్ళు చదువుతారమ్మా, పెద్దాయన గురించి ఏమనుకుంటారు?"

"ఏమనుకోవాలో అదే అనుకుంటారు."

అతను ఆరు పుస్తకాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఏడోది బల్ల మీదే వదిలేశాడు.