ఎర్రగుర్తు లేని పటం

పోయిన నెల మా తమ్ముడి మనవరాలు బెంగళూరు నుంచి వచ్చి రెండు రోజులు మా ఇంట్లో ఉండి వెళ్ళింది. పాత కాగితాలనూ రికార్డులనూ చెడిపోకుండా కాపాడడం నేర్పే చదువొకటి వచ్చిందట, అది చదువుతోంది. సంచిలోంచి తెల్లటి నూలు చేతొడుగులు, మెత్తని కుంచె, గాలిలో తేమ ఎంతుందో చెప్పే చిన్న యంత్రం తీసి చూపించి, తాతా నువ్వు కూడా గనుల రికార్డు గదిలోనే కదా అవి మూసేదాకా పనిచేశావు, దానికి ఏం చదివావు అని అడిగింది. ఏమీ చదవలేదమ్మా, తప్పు చేసి అందులోకి వచ్చాను అన్నాను. వేళాకోళం అనుకుని నవ్వేసింది. వేళాకోళం కాదని చెప్పడానికి ఆ పూట నోరు రాలేదు గానీ, గని సైరను వింటూ గడియారాలు సరిచేసుకున్న మా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చుననిపించి ఇది రాస్తున్నాను.

గనులను జాతీయం చేసిన తొలి ఏళ్ళలో కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో సర్వే ఆఫీసులో ట్రేసరుగా నాకు టెంపరరీ ఉద్యోగం దొరికింది. మా నాయన చిత్తూరు వైపు పల్లెనుంచి వచ్చి పాతికేళ్ళుగా భూమి కిందికి దిగుతున్న మనిషి. కొడుకు నీడపట్టున కూర్చుని గీతలు గీసుకునే పనిలో చేరాడని, కంపెనీ వరసగా కట్టించిన మా లైనిళ్ళలో ఆయన చెప్పుకోని గడప లేదు. కింద తవ్విన ప్రతి సొరంగాన్నీ పైన మేము పటంగా గీసి ఉంచేవాళ్ళం. ఆ పటాలు కాగితం మీద కాదు, గంజిపెట్టి మెరుగుదిద్దిన పలచని నూలుబట్ట మీద ఉండేవి, ట్రేసింగ్ క్లాత్ అనేవాళ్ళం. తెల్లదొరల కాలంనాటి పటాలు నలిగిపోతున్నాయని ఒక్కొక్కటే కొత్తబట్ట మీదికి ఎత్తిరాసే పని మాది. ఎత్తిరాసింది సరిగా ఉందని చూసుకున్నాక, మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్, ఆయన్ని అందరం పెద్దాయన అనేవాళ్ళం, పాతదాని మూల ఎర్ర పెన్సిలుతో ఒక గుర్తు వేసేవాడు. ఎర్రగుర్తు పడిన పటానికి ఇక పనిలేదన్నమాట.

అలా పనిలేని బట్ట ఎక్కడికి పోతుందో ఊరందరికీ తెలుసు. చాకలిసోడా వేసిన వేడినీళ్ళలో ఒక రాత్రి నానబెడితే గంజీ సిరా రెండూ వదిలిపోయి మల్లుకంటే మెత్తని గుడ్డ మిగులుతుంది. చేతిరుమాళ్ళు, పెరుగు వడగట్టే గుడ్డలు, పసిపిల్లల జుబ్బాలు అన్నీ దాంతోనే. పుట్టిన బిడ్డకు పదకొండో దినం దాకా కొత్తబట్ట తొడగకూడదని మనవాళ్ళ ఆచారం కదా, వాడి మెత్తబడిన పాతగుడ్డే తొడగాలి. మా లైనిళ్ళలో పుట్టిన సగంమంది పిల్లలు ఒంటిమీద గని పటం వేసుకునే కళ్ళు తెరిచి ఉంటారు.

మా అక్క తొలికాన్పుకు ఇంటికి వచ్చింది. ఆఫీసులో ఉండి కూడా ఒక గజం గుడ్డ తేలేకపోతివని అమ్మ రోజూ దెప్పేది. నేను వెతికిన రోజున ఎర్రగుర్తు పడ్డ కుప్పలో అన్నీ చిల్లులు పడినవీ సిరా దట్టంగా ఉన్నవీ ఉన్నాయి. పక్క బల్లమీద ఒక పటం మటుకు మచ్చలేకుండా, దాదాపు ఖాళీగా కనిపించింది. దానిమీద సన్నని సొరంగం ఒక్కటే, ఒంటరిగా ఒక పక్కకు పోయి ఆగింది. గుర్తు కోసం మూలలు చూశాను. లేదు. చూడలేదని అబద్ధం చెప్పుకోను. ఇంత ఖాళీ పటంతో ఎవరికేం పని, సిరా తక్కువ గనక తొందరగా వదులుతుంది అనుకున్నాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు, తెలివికి తక్కువేం లేదని నా నమ్మకం.

దాన్ని చుట్టి ఇంటికి తెచ్చి అమ్మకిచ్చాను. అక్కకు కొడుకు పుట్టాడు. తొమ్మిదో రోజునో పదోరోజునో, మధ్యాహ్నం మీద పెద్దాయన రిజిస్టరు ముందేసుకుని ఒక పటం కోసం బీరువాలన్నీ తీయించాడు. దొరల కాలంలో తవ్వి వదిలేసిన సొరంగమొకటి ఉందనీ, అది నిండా నీళ్ళు పట్టి ఉంటుందనీ, ఇప్పుడు కొత్తగా తొలుస్తున్న సొరంగం అటే పోతోంది గనక పాతది ఎక్కడ ఆగిందో తెలుసుకోకుండా ముందుకు పోకూడదనీ ఆయన అన్నాడు. నేను ఎత్తుకుపోయింది ఆ పటమే. ఆ పటానికి నకలు లేదు. కొత్త సొరంగం చివర రాయి తొలిచే జట్టులో మా నాయన ఉన్నాడు.

తేలు కుట్టిన దొంగలా నేనూ వాళ్ళతోపాటు వెతికాను. దొరక్కపోతే రేపు పైవాళ్ళకు చెప్పి పని ఆపిద్దామని పెద్దాయన అన్నాడు గనక, ఈ ఒక్కపూటకు ఏమవుతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. వచ్చే నెలలో నా ఉద్యోగం పర్మనెంటు కావలసి ఉంది. మరునాడు పొద్దున నాయన రాగి సంగటి తిని, తువ్వాలు భుజాన వేసుకుని, టిఫిన్ క్యారియరు పట్టుకుని మొదటి షిఫ్టుకు బయలుదేరాడు. నేను గడపలో నిలబడి చూశాను. నాయనా ఈ రోజు దిగొద్దు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, అనలేదు. ఆయన వీధి మలుపు తిరిగాడు. చెప్పులు కూడా వేసుకోకుండా ఆఫీసుకు పరిగెత్తి పెద్దాయన బల్లముందు నిలబడ్డాను. జరిగింది చెప్పాను. ఆయన రిజిస్టరు మూసి అడిగాడు.

"ఆ బట్ట ఇప్పుడు యాడుండాదప్పా?"

"మా అక్క బిడ్డ ఒంటిమీద ఉండాదయ్యా."

ఆయన వెంటనే లేచాడు. కిందికి ఫోను చేసి పని ఆపించి, నన్ను వెంటబెట్టుకుని మా ఇంటికి నడిచాడు. పురుటింటి గడప అవతలే నిలబడి జుబ్బా అడిగి తీసుకున్న పెద్దమనిషిని చూసి అక్క ఏడుపు మొదలుపెట్టింది, బిడ్డకు ఏ దోషమో తగిలిందనుకుంది పాపం. అమ్మ తాను వేసిన కుట్లు తానే సూదిమొనతో ఒక్కొక్కటే విప్పింది. నాలుగు ముక్కలైంది. ఆఫీసులో కింద దీపముండే గాజుబల్ల మీద వాటిని పరిచి అతికినట్టు పేర్చి చూస్తే, సిరా పోయిన చోట సన్నని బూడిదరంగు చార ఇంకా కనిపిస్తోంది. చేతిమీద మొదలై వీపుమీదుగా పోయి మెడ దగ్గర మాయమైంది. మెడకోసం కత్తిరించిన ముక్కను అమ్మ నీళ్ళపొయ్యిలో వేసేసింది. సొరంగం ఎక్కడ ఆగిందో ఆ ముక్కలోనే ఉంది.

ఇక ఆ సొరంగంలో మందు పేల్చేముందల్లా పొడవాటి సన్నని కడ్డీలతో ముందుకు బెజ్జాలు వేసి చూస్తూ పోయారు. నాలుగో రోజు ఒక బెజ్జంలోంచి నీళ్ళు చిమ్మాయి. సిద్ధంగా ఉంచిన కొయ్యమేకు కొట్టి ఆపారు. ఎవరికీ ఏమీ కాలేదు. మామూలుగా పేల్చుకుంటూ పోయుంటే ఇంకో మూడు షిఫ్టుల్లో ఆ నీళ్ళు మీద పడేవని జట్టువాళ్ళు లెక్కగట్టారు.

ఇంట్లో నాయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు అన్నం ముందు కూర్చుని, చెయ్యి కడుక్కుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఆ పొద్దు నువ్వు చెప్పినా నేను దిగేవాన్నే రా. జట్టును ఇడిసిపెట్టి ఇంట్లో కూచునేవాన్నా? అయినా చెప్పింటే బాగుండు."

ఇన్నేళ్ళలో నన్ను ఎందరో ఎన్నో మాటలు అన్నారు. అన్నీ మరిచిపోయాను, ఆ చివరి మాట తప్ప.

పటం పోయింది తాను చూసుకోకపోవడం వల్లేనని పెద్దాయన పైవాళ్ళకు తన పేరుమీదే రాసుకున్నాడు. తరువాత నన్ను పిలిచి రికార్డు గది తాళంచెవి నా ముందు పెట్టాడు. దొంగ చేతికి తాళమిచ్చినట్టుందని ఆఫీసులో నవ్వుకున్నారు. శిక్ష అనుకునే పోయాను. పటాలను మడవకూడదనీ, లావుపాటి గొట్టానికి చుట్టి పెట్టాలనీ, మైదా జిగురు వాడితే పురుగు పడుతుందనీ, వానకాలంలో ఎండ కాసిన పూట కిటికీలు తెరిచి ఆరబెట్టాలనీ, పురుగు పట్టకుండా వేసే వేపాకు బాగా ఎండకపోతే దాంతోనే బూజు పడుతుందనీ చేసి చూసి, చెడగొట్టి, ఒక్కొక్కటే నేర్చుకున్నాను. రిజిస్టరులో నా చేత్తో రాసిన మొదటి వరస ఆ నాలుగు గుడ్డముక్కలదే. ఎర్రగుర్తు పడ్డ పటాన్ని కూడా గది దాటనివ్వలేదు. ఏ ఇంట కాన్పు వచ్చినా గుడ్డ కోసం ఆడవాళ్ళు వచ్చేవారు, లేదని పంపేవాణ్ణి, శాపనార్థాలు పెట్టుకుంటూ పోయేవారు. నా కూతురు పుట్టినప్పుడు నా పాత పంచె చించి ఇస్తే, పిసినారి అని మా ఆవిడ నెలరోజులు సాధించింది. అమ్మ మాత్రం ఆ పంచెముక్క తీసుకుని కిక్కురుమనకుండా జుబ్బా కుట్టింది.

నాయన రిటైరై, ఇంట్లోనే, ఊపిరాడక మంచంలో పోయాడు. గనిపనివాళ్ళు చాలామంది పోయినట్టే పోయాడు. ఆ తరువాత కొన్నేళ్ళకు గనులు మూసేశారు. పంపులు ఆగిపోయి కింద నీళ్ళు లేచాయి. నాయన నడిచిన సొరంగాలన్నీ ఇప్పుడు నీళ్ళకిందే ఉన్నాయి. పటాలను లారీలో ఎక్కించి తీసుకుపోయిన రోజున జాబితా చదివి ఒక్కొక్క చుట్టా అప్పగించి సంతకం పెట్టాను. ఏమీ రాయని ఈ గుడ్డముక్కలెందుకని వచ్చిన గుమాస్తా అడిగితే, జాబితాలో ఉంది కదా బాబూ, ఎక్కించు అన్నాను.

ఇప్పుడు పాతవాటిని కాపాడే పనికి చదువులున్నాయి, యంత్రాలున్నాయి, చల్లటి గదులున్నాయి. నా చేతుల్లో చెడినన్ని ఈ పిల్లల చేతుల్లో చెడవు, అందుకు సంతోషమే. ఆ పటాలు ఎక్కడున్నా నాకంటే తెలిసినవాళ్ళే చూసుకుంటూ ఉంటారు. ముప్పై ఏళ్ళు నేను ప్రతి పొద్దూ తాళం తీసి ఒక్కొక్క చుట్టా తడిమి చూసుకున్నది నాకు పని తెలిసి కాదు. ఆ గీతల కింద మా నాయన ఉండేవాడు. ఇప్పుడు వాటిని చూసుకునేవాళ్ళకు కింద ఎవరూ లేరు.