తెర బయట

నేను పూండి దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ మాస్టారిని. ప్రాథమిక హక్కుల పాఠం చెబుతుంటే నా గొంతు పక్క తరగతి దాకా వినిపిస్తుంది. సోదా చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది, కానీ దానికీ ఒక హద్దుంది, మనిషి పరువు తీసే హక్కు ఎవరికీ లేదు అని బల్ల గుద్ది మరీ చెబుతాను. బల్లకేం, తిరగబడదు కదా.

మా అక్క బారువలో ఎండుచేపలు అమ్మేది. మా ఉద్దానంలో చాలామందికి లాగే ఆమెకీ కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ సూదుల కోసం ఎడమచేతి నరాలు కలిపి కుట్టారు. అక్కడ చెయ్యి తాడులా ఉబ్బి, ముట్టుకుంటే జుమ్మని అదిరేది. అందరూ జాలిగా చూస్తారని అక్క పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకుంది. మా అమ్మ అడిగినా ఆ చెయ్యి చూపించలేదు.

కిడ్నీ మార్పిడి కుదురుతుందేమో కనుక్కోవడానికి హైదరాబాద్ బయల్దేరాం. రైల్లో అంతసేపు కూర్చోలేదని విమానం టికెట్లు తీశాను. ఎయిర్‌పోర్టులో, ఆడవాళ్లను తనిఖీ చేసే తెరగదిలో కానిస్టేబులమ్మ చెయ్యి తడిమింది. ఆ అదురు ఏమిటో అర్థంకాక అక్కను బయటికి తీసుకొచ్చి, పై అధికారికి చూపించమంది. ఆయన మగాడు. తనిఖీ చెయ్యాల్సిందే, కాదనను. లోపలే, ఆడవాళ్ల ముందే చూపిస్తుందండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అక్క మెడ తిప్పి నాకోసం చూసింది. బెల్టు తీసేసిన ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఖాకీ చూడగానే నా నోరు పడిపోయింది.

"సూపించెయ్ అక్కా, ఆలీసమైపోతంది," అన్నాను.

జాకెట్ చెయ్యి పైకి లాగి చూపించింది. వరసలో ఉన్నవాళ్లంతా చూశారు. ఎవరో ఆవిడ అయ్యో పాపం అంది. హైదరాబాద్‌లో దిగేదాకా అక్క ఆ చేతిని కొంగుతో కప్పుకునే కూర్చుంది.

డాక్టర్లు ఆశ ఉందన్నారు, నెల తర్వాత మళ్లీ రమ్మన్నారు. అక్క రానంది. రైల్లో వెళ్దామన్నా, కారు మాట్లాడతానన్నా వద్దంది. ఈసారి నేను గట్టిగా అడుగుతాను, అది నీ హక్కు అని బతిమాలాను.

"ఆ హక్కులూ అవీ నాకేటి తెలుసురా. నువ్వున్నావు కదాని నీ కూడా వచ్చినాను," అంది.

ఆ వానాకాలంలోనే పోయింది. కిడ్నీల వల్లే పోయింది, అందరూ అదే అంటారు. బతకడానికి ఆమెకున్న ఒక్క దారినీ మూసింది మాత్రం నేనే.